చుక్క చుక్కగా... చిక్కటి కాఫీ!

పాలు కాచే పని లేదు. పొయ్యి దగ్గర నిలబడే పని అంతకన్నా లేదు. గ్లాసు అడుగున తియ్యటి డబ్బా పాలు, దాని మీద చిల్లుల గిన్నె, అందులోంచి ఒక్కో చుక్కగా దిగే నల్లటి డికాషన్, ఆఖర్న గ్లాసు నిండా ఐసుముక్కలు... అదీ వియత్నాం కాఫీ. మన ఇత్తడి ఫిల్టరుకి ఇది దూరపు చుట్టం. ఎండాకాలం నలభై అయిదు డిగ్రీలు చూసే ఖమ్మం, భద్రాచలం వాసులకైతే దగ్గరి చుట్టం కూడా కాగలదు!

చాయ్‌కీ కాఫీకీ మధ్య గీత

తెలంగాణ అంటే చాయ్. కోస్తా అంటే కాఫీ. ఈ రెండింటికీ మధ్య గీత గీయాల్సి వస్తే అది ఖమ్మం జిల్లా కల్లూరు మీదుగానో, ఆ పక్క నుంచో పోతుంది. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు అందే ఈ ఊరికి ఒకవైపు ఖమ్మం మిర్చి మార్కెట్టు, మరోవైపు ఒకప్పటి కృష్ణా జిల్లా పల్లెలు. తూర్పుకి పోతే సత్తుపల్లి, అశ్వారావుపేట... ఆ తర్వాత అడవి. అందుకే ఇక్కడ సెంటర్లో దొరికేది చాయ్ అయినా, కృష్ణా వైపు నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్ల వంటింట్లో పొద్దున్నే వినిపించేది ఫిల్టరు మూత చప్పుడు.

అయితే ఈ రెండింటితోనూ ఓ చిక్కుంది. ఏప్రిల్, మే నెలల్లో మధ్యాహ్నం మూడింటికి వేడి గ్లాసు చేతిలోకి తీసుకోవడమంటే పరీక్షే. పోనీ ఫ్రిజ్‌లో పెట్టిన పాలలో ఇన్‌స్టంట్ పొడి కలిపి తాగుదామా అంటే, అది చల్లగా ఉంటుంది కానీ కాఫీలా ఉండదు. ఐసు కరిగేకొద్దీ నీళ్లపాలవుతుంది. వియత్నాం వాళ్లకు కూడా ఇదే ఎండ, ఇదే ఉక్కపోత. కాకపోతే వాళ్లు దీనికో ఉపాయం కనిపెట్టారు. ఐసు కరిగినా రుచి చెడనంత చిక్కటి డికాషన్, అందులో నీళ్లు లేని పాలు. ఆ పానీయాన్ని వాళ్లు ‘కా ఫే సువా డా’ అంటారు. కా ఫే అంటే కాఫీ, సువా అంటే పాలు, డా అంటే ఐసు. పేరులోనే తయారీ అంతా ఉంది!

పాలు లేకనే పుట్టిన రుచి

కాఫీ మొక్క వియత్నాంకి 1857లో ఫ్రెంచి మత ప్రచారకుల వెంట వచ్చిందని చెబుతారు. మన దగ్గరికి అంతకన్నా చాలా ముందే వచ్చింది. పదిహేడో శతాబ్దంలో బాబా బుడన్ అనే సూఫీ సాధువు యెమెన్ నుంచి ఏడు గింజలు తెచ్చి చిక్కమగళూరు కొండల్లో నాటాడన్న కథ దక్షిణాదిలో అందరికీ తెలిసిందే.

తేడా వచ్చింది పాల దగ్గర. మనకి గేదె ఉంది, ఆవు ఉంది. పొద్దున్నే పిండిన పాలు గుమ్మంలోకి వస్తాయి. అందుకే మన కాఫీ కాచిన పాలచుట్టూ తిరుగుతుంది. వియత్నాంలో అప్పట్లో పాడి అంతంతమాత్రం. పైగా ఆ వేడికి ఉన్న పాలు కూడా విరిగిపోయేవి. పాలు లేనిదే కాఫీ దిగని ఫ్రెంచివాళ్లు దీనికి డబ్బాలను ఆశ్రయించారు. పాలలోని నీటిని చాలావరకు ఇగరబెట్టి, చక్కెర కలిపి డబ్బాలో నింపే పద్ధతికి 1856లో అమెరికాకు చెందిన గెయిల్ బోర్డెన్ పేటెంట్ పొందాడు. ఆ డబ్బా పాలు, అంటే మనం ఫ్రూట్ సలాడ్‌లోనూ స్వీట్లలోనూ వాడే కన్‌డెన్స్‌డ్ మిల్కే, వియత్నాం కాఫీకి ప్రాణమైంది. ఫ్రెంచివాళ్లు వెళ్లిపోయారు. తాజా పాలు కూడా వచ్చాయి. అలవాటు మాత్రం అలాగే నిలిచిపోయింది.

గతిలేక మొదలైన వాడకమే ఆ దేశపు గుర్తుగా మారింది. మన చికోరీ కథ కూడా ఇంచుమించు ఇలాంటిదే. కాఫీ గింజ ఖరీదైన చోట పొడిని పొదుపుగా వాడుకోవడానికి కలిపిన వేరుముక్క, కాలక్రమంలో ‘అది లేకపోతే కాఫీ కాఫీలా లేదు’ అనే దాకా వచ్చింది.

ఫిన్‌కీ ఫిల్టరుకీ తేడా ఏంటి?

వియత్నాం ఫిల్టరు పేరు ‘ఫిన్’. ఫ్రెంచివాళ్ల ‘ఫిల్త్ర్’ అనే మాటే అలా మారిందంటారు. మన ఫిల్టరులో రెండు గిన్నెలుంటాయి. పైగిన్నెలో పొడి, కింది గిన్నెలో డికాషన్. ఫిన్‌కి కింది గిన్నె ఉండదు. చిల్లులున్న చిన్న పళ్లెం, దాని మీద చిల్లుల అడుగున్న గిన్నె, లోపల పొడిని అదిమి ఉంచే చిల్లుల బిళ్ల, పైన మూత... అంతే. నేరుగా గ్లాసు మీద కూర్చుంటుంది. ఒక ఫిన్, ఒక గ్లాసు, ఒక మనిషి. మన ఫిల్టరు ఇంటిల్లిపాదికీ ఒకేసారి దించుతుంది. అదీ అసలు తేడా.

రెండో తేడా పొడిలో. మన ఫిల్టరు పొడి మెత్తగా ఉంటుంది. పైగా అందులో చికోరీ ఉంటే అది నీళ్లు పీల్చి ఉబ్బి దారిని మూసేస్తుంది. అందుకే డికాషన్ దిగడానికి పావుగంట నుంచి అరగంట దాకా పడుతుంది. చాలా ఇళ్లలో రాత్రే వేసి పెట్టేస్తారు కూడా. ఫిన్‌కి పొడి కాస్త బరకగా ఉండాలి. పంచదార కన్నా కొంచెం సన్నంగా, పిండి కన్నా బరకగా. అప్పుడు నాలుగైదు నిమిషాల్లో దిగిపోతుంది.

ఇలా చేయండి (ఒక గ్లాసుకి)

కావలసినవి: కాఫీ పొడి 20 గ్రాములు (గోపురంగా తీసిన నాలుగు టీస్పూన్లు), కన్‌డెన్స్‌డ్ మిల్క్ రెండు టేబుల్‌స్పూన్లు, మరిగిన నీళ్లు 120 మిల్లీలీటర్లు, పెద్ద గ్లాసు నిండా ఐసుముక్కలు.

* ముందు ఫిన్‌నీ, గ్లాసునీ వేడినీళ్లతో ఒకసారి తొలచాలి. చల్లటి లోహం నీటి వేడినంతా లాగేసుకుంటే డికాషన్ పల్చబడుతుంది.

* గ్లాసు అడుగున కన్‌డెన్స్‌డ్ మిల్క్ వేయాలి. దాని మీద ఫిన్ పెట్టి, పొడి వేసి, గిన్నెను అటూ ఇటూ మెల్లగా తట్టి సమం చేయాలి. బిళ్లను పైన పెట్టి తేలిగ్గా ఒత్తాలి. గట్టిగా అదిమితే చుక్క దిగదు.

* నీళ్లు తెర్లాక పొయ్యి కట్టేసి అర నిమిషం ఆగాలి. బుసబుస పొంగే నీళ్లు పోస్తే పొడి మాడినట్టు చేదెక్కుతుంది.

* మొదట నాలుగైదు చెంచాల నీళ్లే పోసి, నలభై సెకన్లు ఆగాలి. పొడి ఉబ్బి, పైకి బుడగలు వస్తాయి. గింజ వేగినప్పుడు లోపల చిక్కుకున్న బొగ్గుపులుసు వాయువు బయటికి పోవడమే ఇది. ఆ గాలి పోతేనే నీళ్లు పొడిలోకి సరిగ్గా ఇంకుతాయి. బుడగలు అసలు రాలేదంటే పొడి పాతబడిందని అర్థం.

* ఇప్పుడు మిగిలిన నీళ్లు పోసి మూత పెట్టేయాలి. సెకనుకో చుక్క చొప్పున దిగుతుంటే సరిగ్గా కుదిరినట్టు. మూడు నిమిషాల్లోపే అయిపోతే పొడి మరీ బరక, లేదా ఒత్తడం చాల్లేదు. ఏడెనిమిది నిమిషాలు దాటితే పొడి మరీ మెత్తన, లేదా ఎక్కువ ఒత్తారు. రెండో రోజుకి చెయ్యి కుదిరిపోతుంది.

* చుక్కలు ఆగాక ఫిన్ తీసేసి, అడుగునున్న పాలు పూర్తిగా కరిగేదాకా చెంచాతో తిప్పాలి. ఇది ముఖ్యం. ఐసు వేశాక కలిపితే పాలు అడుగునే గడ్డకట్టినట్టు ఉండిపోతాయి. బాగా కలిశాకే ఐసు గ్లాసులోకి వంచాలి.

ఐసు విషయంలో ఓ జాగ్రత్త. బండి మీద అమ్మే దిమ్మ ఐసు చాలాచోట్ల చేపల పెట్టెల కోసం తయారైందే ఉంటుంది. తాగే పానీయంలోకి కాచి చల్లార్చిన నీళ్లతో ఇంట్లో గడ్డకట్టించిన ముక్కలే క్షేమం.

ఫిన్ లేకపోతే?

బెంగపడనక్కర్లేదు. ఫిన్ ఇప్పుడు ఆన్‌లైన్‌లో దొరుకుతుంది కానీ, ఇంట్లో ఉన్న చిన్న ఫిల్టరుతోనూ పని జరిగిపోతుంది. ఒకరిద్దరికి సరిపడే బుల్లి ఫిల్టరైతే మరీ మంచిది. పైగిన్నెలో అదే నాలుగు టీస్పూన్ల పొడి వేసి, గొడుగులాంటి బిళ్ల పెట్టి, పైన చెప్పినట్టే ముందు కొంచెం, తర్వాత మిగిలినవి నీళ్లు పోయాలి. పొడి మామూలు ఫిల్టరు పొడే అయితే బిళ్లను అసలు ఒత్తొద్దు. పదిహేను నిమిషాలు ఓపిక పడితే చాలు. కింది గిన్నెలోని చిక్కటి డికాషన్ చల్లారకముందే కన్‌డెన్స్‌డ్ మిల్క్‌లో పోసి కలిపేయడమే. ఇంటికి నలుగురు వచ్చినప్పుడైతే నిజానికి మన ఫిల్టరే నయం. ఫిన్‌తో నలుగురికి చేయాలంటే నాలుగు ఫిన్‌లు కావాలి మరి!

కోవా కాకముందే దించేయండి

డబ్బా పాలు కొనడం ఇష్టంలేని వాళ్లు ఇంట్లోనే చేసుకోవచ్చు. పాలకోవా చేసే ప్రతి ఇంటికీ ఈ విద్య సగం తెలిసిందే. లీటరు చిక్కటి గేదెపాలను అడుగు మందంగా ఉన్న గిన్నెలో సన్నటి సెగ మీద కాగబెట్టాలి. సగం అయ్యాక రెండు వందల గ్రాముల పంచదార వేసి, గరిటెతో తిప్పుతూనే ఉండాలి. మొత్తం మూడో వంతుకి వచ్చి, గరిటె వెనుక వేలితో గీత గీస్తే చెదరకుండా నిలిచినప్పుడు దించేయాలి. ఇంకాసేపు ఉంచితే కోవా దారి పడుతుంది. చల్లారేకొద్దీ మరింత చిక్కబడుతుంది కాబట్టి కాస్త పల్చగా ఉన్నప్పుడే ఆపడం తెలివి. తడిలేని గాజు సీసాలో పోసి ఫ్రిజ్‌లో పెడితే వారం దాకా వాడుకోవచ్చు. డబ్బా పాల రంగూ జిగురూ అచ్చంగా రావు కానీ, గేదెపాల మీగడ రుచి అదనంగా వస్తుంది.

ఏ పొడి కొనాలి?

కాఫీలో ప్రధానంగా రెండు రకాలు: అరబికా, రోబస్టా. అరబికా సువాసన ఎక్కువ, చేదు తక్కువ, నాలుక మీద కాస్త పులుపు తగులుతుంది. రోబస్టా చేదుగా, ఘాటుగా, చిక్కగా ఉంటుంది. కెఫీన్ కూడా అరబికాతో పోలిస్తే ఇంచుమించు రెట్టింపు. వియత్నాంలో పండేది చాలావరకు రోబస్టాయే. దాన్ని బాగా నల్లగా వేయిస్తారు. కొందరు వేయించేటప్పుడు వెన్న కూడా వేస్తారు. ఇంత చేదుంది కాబట్టే అంత తీపి డబ్బా పాలు దానికి సరిపోయాయి. సుకుమారమైన అరబికా అయితే ఆ తీపి కింద అణిగిపోయేది.

మన దేశంలోనూ పండే కాఫీలో సుమారు డెబ్బై శాతం రోబస్టాయే. అయినా ఫిల్టరు పొడి అమ్మే చోట ఆ పేరు పెద్దగా వినిపించదు. ‘రెండో రకం’ అన్న చిన్నచూపు దానికి ఉంది. వియత్నాం కాఫీకి మాత్రం అదే కావాలి. పొడి పట్టించే దుకాణం అందుబాటులో ఉంటే ‘రోబస్టా సగానికి పైగా, చికోరీ లేకుండా, నల్లగా వేగింది, కాస్త బరకగా’ అని అడగండి. ప్యాకెట్టే కొంటుంటే దాని మీది చిన్న అక్షరాలు చదవండి. మన దేశంలో కాఫీ-చికోరీ మిశ్రమంలో కాఫీ కనీసం 51 శాతం ఉండాలన్నది నిబంధన. అంటే సగానికి కొంచెం తక్కువ చికోరీ ఉన్నా చట్టబద్ధమే! ఎంత శాతం కలిసిందో ప్యాకెట్టు మీద రాసి తీరాలి. కాఫీ ధరకే చికోరీ కొనుక్కోకుండా కాపాడేది ఆ ఒక్క అంకె మాత్రమే.

విడిగా కొన్న పొడి మీద అనుమానం ఉంటే ఇంట్లోనే తేలిగ్గా తేల్చుకోవచ్చు. గ్లాసు చల్లటి నీళ్ల మీద చెంచాడు పొడి చల్లండి. కాఫీ పొడి కొంతసేపు పైనే తేలుతుంది. చికోరీ అయితే కొద్ది క్షణాల్లోనే గోధుమరంగు చారలు వదులుతూ అడుక్కి దిగుతుంది. పిల్లలకు చూపించడానికి భలే ప్రయోగం.

అక్కడి కొండ... ఇక్కడి కొండ

వియత్నాంకి ఇంత కాఫీ ఎక్కడిది? యుద్ధం 1975లో ముగిసేనాటికి ప్రపంచ కాఫీ సంతలో ఆ దేశం పేరు పెద్దగా లేదు. 1986లో అక్కడి ప్రభుత్వం ‘డొయ్ మొయ్’ పేరిట ఆర్థిక సంస్కరణలు మొదలుపెట్టింది. మైదానాల నుంచి లక్షల మంది మధ్య ప్రాంతపు కొండలకు తరలి కాఫీ వేశారు. బువోన్ మా థువోట్ పట్టణం ఆ పంటకు రాజధాని అయింది. శతాబ్దం తిరిగేసరికి బ్రెజిల్ తర్వాత ప్రపంచంలో రెండో స్థానం వియత్నాందే. రోబస్టాలో మొదటి స్థానం. ఇప్పుడు అక్కడ ఏటా పండేది సుమారు పదిహేను లక్షల టన్నులకు పైనే. మనది సుమారు మూడున్నర లక్షల టన్నులు.

ఈ విజయానికి ఖరీదు కూడా ఉంది. కొండల మీది అడవి చాలాచోట్ల పోయింది. నీడ చెట్టన్నది లేకుండా ఎండలోనే కాఫీ పెంచారు. బోర్లతో నీళ్లు తోడారు. తరతరాలుగా అక్కడ బతికిన ఎడె, జరాయ్ లాంటి గిరిజన తెగల చేతుల్లోంచి భూములు జారాయి. 2001లో ఆ కొండల్లో భూమి కోసం పెద్ద ఎత్తున నిరసనలు చెలరేగాయి. అదే సమయంలో ప్రపంచంలో కాఫీ మితిమీరి, ధర ముప్ఫై ఏళ్లలో ఎన్నడూ లేనంతగా పడిపోయింది. ఆ దెబ్బ కర్ణాటక రైతు దాకా తగిలింది. రెండు దశాబ్దాలు తిరిగేసరికి కథ అడ్డం తిరిగింది. కరవు, తగ్గిన దిగుబడి కారణంగా 2024లో లండన్ మార్కెట్లో రోబస్టా టన్ను అయిదు వేల డాలర్లు దాటి రికార్డు సృష్టించింది. మన ఇంటి పొడి ప్యాకెట్టు ఖరీదు పెరగడం వెనుక ఆ కొండల ఎండ కూడా ఉంది.

ఇక మన కొండ. కల్లూరు మైదానంలో కాఫీ పండదు. దానికి కొండ ఎత్తూ, చల్లదనం, నీడా కావాలి. కానీ మరీ దూరం కూడా కాదు. భద్రాచలం నుంచి చింతూరు దాటి ఘాట్ రోడ్డెక్కితే మారేడుమిల్లి. అక్కడి చెట్ల నీడన కాఫీ తోటలు కనిపిస్తాయి. చింతూరు 2014 దాకా ఖమ్మం జిల్లాలోనిదే. ఆ చుట్టుపక్కల పాములేరు లోయలోనే 1898లో బ్రోడీ అనే ఆంగ్ల అధికారి మొదటిసారి కాఫీ నాటించాడని చెబుతారు. ఆంధ్రదేశపు కాఫీకి అదే పుట్టిల్లన్నమాట!

అక్కడి నుంచి పంట చింతపల్లి, పాడేరు, అరకు దాకా పాకింది. అడవి నరికి, కాల్చి, రెండు మూడేళ్లు పండించి వేరేచోటికి మారే పోడు సాగుకి బదులుగా గిరిజనులకు స్థిరమైన ఆదాయం చూపించాలన్నది అక్కడ కాఫీని ప్రోత్సహించడంలో ప్రధాన ఉద్దేశం. పోడు భూముల మాటెత్తితే ఎంత వేడి పుడుతుందో ఖమ్మం, భద్రాచలం వాసులకు చెప్పనక్కర్లేదు. అరకు, పాడేరు కొండల్లో కాఫీ చెట్టు నీడ లేనిదే బతకదు కాబట్టి సిల్వర్ ఓక్ చెట్లు నిలిచాయి. వాటికి మిరియాల తీగ అల్లుకుంది. ఒకే నేలలో రెండు పంటలు, పైన చెట్టు. భూమి కూడా చాలావరకు సాగుచేసే గిరిజనుడి చేతిలోనే ఉంది. ఇప్పుడు అక్కడ రెండు లక్షల ఎకరాలకు పైగా కాఫీ ఉంది. గిరిజన సహకార సంస్థ గింజలు కొని, పొడి చేసి అమ్ముతోంది. నాంది ఫౌండేషన్ చొరవతో 2017లో పారిస్‌లో అరకు కాఫీ దుకాణమే వెలిసింది. అరకు అరబికాకు 2019లో భౌగోళిక గుర్తింపు దక్కింది.

ఒకటే గింజ. ఒక కొండ మీద అడవిని తిన్నది. మరో కొండ మీద అడవిని నిలబెట్టింది. ఏ పొడి కొంటున్నామన్నది రుచికి మాత్రమే సంబంధించిన విషయం కాదన్నది అందుకే. అరకు కాఫీ ప్రధానంగా అరబికా కాబట్టి, ఫిన్‌లో ఒక్కదాన్నే వేస్తే వియత్నాం ఘాటు రాదు. నల్లగా వేగిన అరకు పొడి సగం, కర్ణాటక రోబస్టా సగం కలిపి చూడండి. సువాసన ఇక్కడిది, బిగువు అక్కడిది.

దుగ్గిరాల నుంచి డాక్ లాక్‌కి

వియత్నాం కాఫీతో తెలుగువాళ్లకి వ్యాపార బంధుత్వం కూడా ఉంది. పసుపు మార్కెట్టుకి పేరుపడ్డ గుంటూరు జిల్లా దుగ్గిరాలలో చల్లా రాజేంద్రప్రసాద్ 1990ల్లో ఇన్‌స్టంట్ కాఫీ ఫ్యాక్టరీ పెట్టారు. అదే సీసీఎల్ ప్రోడక్ట్స్. చుట్టుపక్కల కాఫీ చెట్టు ఒక్కటీ లేని ఊళ్లో తయారైన పొడి దేశదేశాలకూ ఎగుమతి అయింది. రోబస్టా పండే చోటే ఫ్యాక్టరీ ఉండాలని ఆ సంస్థ ఆ తర్వాత వియత్నాంలోని డాక్ లాక్ రాష్ట్రానికి వెళ్లింది. అక్కడ అనుబంధ సంస్థకు పెట్టుకున్న పేరు ‘న్గోన్ కాఫీ’. వియత్నాం భాషలో న్గోన్ అంటే ‘రుచికరమైన’ అని!

గుడ్డు, ఉప్పు, కొబ్బరి

వియత్నాం వాళ్లు డబ్బా పాలతో ఆగలేదు. 1946లో హనోయ్‌లో పాలకు కరవొచ్చినప్పుడు, మెట్రోపోల్ హోటల్లో పనిచేసే గియాంగ్ అనే ఆయన కోడిగుడ్డు సొనను నురగ వచ్చేలా గిలకొట్టి కాఫీ మీద వేశాడు. ఆయన పేరుతో మొదలైన కేఫ్ హనోయ్‌లో ఇప్పటికీ నడుస్తోంది. చెంచాతో తినే తీపి మీగడలా ఉంటుందది. ఇంట్లో చేసుకునేవాళ్లు పచ్చి సొన వాడకుండా, వేడినీళ్ల గిన్నె మీద పెట్టి వెచ్చబడేదాకా గిలకొట్టడం మంచిది. చిన్నపిల్లలకూ గర్భిణులకూ మాత్రం వద్దు. హువే నగరంలో మీగడలో చిటికెడు ఉప్పు వేసి కాఫీ మీద పోస్తారు. మామిడికాయ ముక్కకి ఉప్పద్దుకుంటే పులుపు తగ్గినట్టే, ఉప్పు తగిలితే కాఫీ చేదు మెత్తబడుతుంది. మన వాళ్లకి బాగా నచ్చేది కొబ్బరి కాఫీ. చిక్కటి కొబ్బరిపాలు, కన్‌డెన్స్‌డ్ మిల్క్, ఐసు కలిపి మిక్సీ పట్టి, పైన డికాషన్ పోయడమే. కోనసీమ కొబ్బరికాయ ఒక్కటి ఉంటే నాలుగు గ్లాసులవుతుంది.

ఎంత తాగొచ్చు?

రుచిగా ఉంది కదా అని రోజుకు మూడు గ్లాసులు లాగిస్తే చిక్కే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ రూపొందించగా 2024లో వెలువడిన ఆహార మార్గదర్శకాల ప్రకారం రోజుకు కెఫీన్ 300 మిల్లీగ్రాములు మించకూడదు. 150 మిల్లీలీటర్ల మామూలు డికాషన్ కాఫీలోనే 80 నుంచి 120 మిల్లీగ్రాములు ఉంటుంది. రోబస్టాతో చేసే చిక్కటి ఫిన్ కాఫీలో ఇంకా ఎక్కువే. కాబట్టి రోజుకు ఒక్క గ్లాసు చాలు. అదీ సాయంత్రం నాలుగు దాటకముందే. భోజనానికి గంట ముందూ, గంట తర్వాతా కాఫీ, టీలు తాగొద్దని కూడా ఆ సంస్థ చెప్పింది. వాటిలోని టానిన్లు తిండిలోని ఇనుమును ఒంటికి పట్టనివ్వవు. రక్తహీనత ఎక్కువగా కనిపించే మన ఆడవాళ్లు ముఖ్యంగా గుర్తుంచుకోవాల్సిన మాట ఇది. భోజనం కాగానే కాఫీ అనే అలవాటు మానేస్తే సగం మేలు జరిగినట్టే.

ఇక చక్కెర. రెండు టేబుల్‌స్పూన్ల కన్‌డెన్స్‌డ్ మిల్క్‌లో తీపి నాలుగైదు చెంచాల పంచదారతో సమానం. మధుమేహం ఉన్నవాళ్లు దీని జోలికి పోకుండా అదే డికాషన్‌ని ఐసు మీద ఉత్తదే తాగొచ్చు. దాన్ని అక్కడ ‘కా ఫే డెన్’, అంటే నల్ల కాఫీ అంటారు. చేదు మరీ ఎక్కువనిపిస్తే చల్లటి పాలు కొద్దిగా కలుపుకోవచ్చు. పిల్లలకైతే కాఫీ మానేసి అదే గ్లాసులో కొబ్బరిపాలు, ఐసు ఇవ్వండి. గొడవుండదు.

ఈ ఎండల్లో ఓ మధ్యాహ్నం ఫిల్టరు బయటికి తీసి ప్రయత్నించండి. మొదటి గ్లాసు బహుశా పల్చగా వస్తుంది. రెండోది చేదెక్కుతుంది. మూడోది కుదిరిందంటే మాత్రం, ఇంట్లో ఫిల్టరు దగ్గర వరస కట్టడం ఖాయం!